కొనేవాళ్లుంటారు, కస్టమర్లుండరు: టోక్యో కామికెట్‌ లెక్కేమిటి?

టోక్యో బిగ్ సైట్ అనే ప్రదర్శనశాలలో, గీసినవాళ్లే తమ బొమ్మల కథల పుస్తకాలు అమ్ముకునే కామికెట్ అనే సంతలో, ఒక హాలు గోడ పక్కన రెండు వందల మంది వరుస కట్టారనుకోండి. ఆ వరుసలో ఆఖరున నిలబడ్డ మనిషి చేతిలో ఒక అట్ట ఉంటుంది. దాని మీద ‘సాయ్‌కోబి’ అని జపనీస్‌లో రాసి ఉంటుంది. ‘వరుస చివర ఇదే’ అని అర్థం. మీరు వెళ్లి వెనక నిలబడగానే ఆయన ఆ అట్ట మీ చేతిలో పెట్టి ముందుకు తిరిగిపోతాడు. ఇక అది మీ డ్యూటీ. ఇంకొకరు వచ్చేదాకా నలుగురికీ కనపడేలా ఎత్తి పట్టుకోవాలి. వాళ్లు రాగానే వాళ్లకిచ్చేయాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ అట్ట అలా కొన్ని వందల చేతులు మారుతుంది.

ఈ పనికి అమ్మేవాళ్లే ఒక మనిషిని పెట్టుకోవచ్చుగా అనిపిస్తుంది మనకి. పెట్టుకోవడానికి మనుషులెక్కడ? బల్ల వెనక కూర్చున్నది ఆ బొమ్మలు గీసిన మనిషే. తోడు ఒకరో ఇద్దరో స్నేహితులు. కామికెట్‌కి వెళ్లేవాళ్లకి చెప్పే జాగ్రత్తలు చాలా ఉన్నాయి: చిల్లర తీసుకెళ్లు, పరుగెత్తకు, ముందు రోజు రాత్రే వెళ్లి కూర్చోకు, అడక్కుండా ఫొటో తీయకు. విడివిడిగా చదివితే ఇవన్నీ జపాన్ వాళ్ల చాదస్తంలా కనిపిస్తాయి. ఆ అట్ట ఎందుకు చేతులు మారుతుందో అర్థమైతే మిగతావి కూడా చాలావరకు అర్థమవుతాయి.

కామిక్ కాన్ వేరు, కామికెట్ వేరు

హైదరాబాద్‌లో 2013 నుంచి కామిక్ కాన్ జరుగుతోంది కాబట్టి చాలామంది కామికెట్ అంటే దానికి జపాన్ అన్నయ్య అనుకుంటారు. పేర్లు దగ్గరగా ఉన్నాయి, వేషాలు వేసుకొచ్చేవాళ్లు రెండు చోట్లా ఉంటారు, అందుకే ఈ తికమక. కామిక్ కాన్‌ని ఒక కంపెనీ నడుపుతుంది. స్టాళ్లు అద్దెకిస్తుంది, అతిథుల్ని పిలుస్తుంది, టికెట్ కొన్నవాళ్లకి వినోదం చూపిస్తుంది.

కామికెట్ అసలు పేరు కామిక్ మార్కెట్. పేరులోనే ఉంది, అది సంత. రైతుబజార్లో పండించినవాడే తట్ట పెట్టుకుని కూర్చున్నట్టు, ఇక్కడ గీసినవాళ్లే తమ పుస్తకాలు పెట్టుకుని కూర్చుంటారు. ఏటా రెండుసార్లు, ఆగస్టు నడుమ ఒకసారి, డిసెంబరు ఆఖరి రోజుల్లో మరోసారి, టోక్యో అఖాతం ఒడ్డున అరియాకెలో ఉన్న బిగ్ సైట్‌లో జరుగుతుంది. తలకిందులుగా నిలబెట్టిన నాలుగు పిరమిడ్‌ల లాంటి భవనం ఫొటో మీరు చూసే ఉంటారు, అదే. గేమ్ కంపెనీలకీ అనిమె (జపాన్ యానిమేషన్) కంపెనీలకీ విడిగా ఒక విభాగం ఉంది, అక్కడా జనం విరగబడతారు. అయినా కామికెట్ ప్రాణం మాత్రం మడత బల్లల దగ్గరే ఉంది.

మొదటి కామికెట్ 1975 డిసెంబరు 21న టోక్యోలోని తొరనోమోన్‌లో ఒక సమావేశ మందిరంలో జరిగింది. 32 బృందాలు బల్లలు వేశాయి, సుమారు 700 మంది వచ్చారు. వచ్చినవాళ్లలో ఎక్కువ మంది శోజో మాంగా, అంటే అమ్మాయిల కోసం వచ్చే మాంగా (జపాన్ బొమ్మల కథలు), చదివే స్కూలు ఆడపిల్లలు. కామిక్స్ పిచ్చి మగపిల్లలదే అనుకునేవాళ్లకి ఈ ముక్క చెప్పాలి. దీన్ని మొదలుపెట్టింది ‘మేయ్‌క్యు’ అనే చిన్న విమర్శకుల బృందం. అప్పటికే ఉన్న ఒక మాంగా సదస్సు తనను విమర్శించిన అభిమానిని లోపలికి రానివ్వలేదు. ఆ కోపంతో, ఎవర్నీ కాదనని చోటు ఒకటి ఉండాలని వీళ్లు దీన్ని పెట్టారు. వాళ్లలో ఒకరైన యొనెజావా యోషిహిరో 1980 నుంచి 2006లో చనిపోయేదాకా దీనికి సారథి. ఆయన సేకరించిన మాంగా, పత్రికలతో మేయ్‌జి విశ్వవిద్యాలయం ఆయన పేరుమీదే ఒక గ్రంథాలయం నడుపుతోంది.

దోజిన్‌షి, సర్కిల్, షింకన్: ముందు ఈ మాటలు

‘దోజిన్’ అంటే ఒకే అభిరుచి ఉన్నవాళ్లు. ‘షి’ అంటే పత్రిక. ఒకే రకం పిచ్చి ఉన్న కొందరు చేరి సొంత ఖర్చుతో వేసుకునే పత్రికే దోజిన్‌షి. మాట పాతదే. 1885లోనే జపాన్ సాహిత్యంలో ఇలాంటి బృంద పత్రికలు మొదలయ్యాయి. మన దగ్గర కాలేజీల్లో, గ్రంథాలయాల్లో కుర్రాళ్లు చేత్తో రాసి, బొమ్మలు వేసి, కుట్టి, ఒకరి తర్వాత ఒకరు చదువుకున్న లిఖిత పత్రికలు గుర్తున్నవాళ్లకి దీన్ని పెద్దగా వివరించక్కర్లేదు. మనవి ఒక్క ప్రతి దగ్గర ఆగిపోయాయి. వాళ్లవి ముద్రణాలయం దాకా వెళ్లాయి. ఇప్పుడు దోజిన్‌షి పనే ప్రధానంగా చేసే ప్రెస్సులు అక్కడ ఉన్నాయి.

దోజిన్‌షి అంతా పక్కవాడి పాత్రలతో అల్లిన కథలే అనుకోవడం సగమే నిజం. అలాంటివి చాలా ఉన్నాయి. వాటితో పాటు పూర్తి సొంత కథలు, రైల్వే స్టేషన్ల ఫొటోలు, వంటల పుస్తకాలు, పాత కంప్యూటర్ల మరమ్మతులు, మిలిటరీ చరిత్ర, సొంతంగా చేసిన సంగీతం, గేములు కూడా వస్తాయి. నాకైతే ఈ రెండో రకం వరుసల మధ్య తిరగడంలోనే ఎక్కువ మజా కనిపిస్తుంది. ఒకే రకం మ్యాన్‌హోల్ మూతల గురించి నలభై పేజీలు రాసిన మనిషిని ఇంకెక్కడ కలుస్తాం?

బల్ల వేసేవాళ్లని ‘సర్కిల్’ అంటారు. పేరు బృందంలా వినిపిస్తుంది కానీ చాలా సర్కిళ్లలో ఉండేది ఒక్క మనిషే. కొత్తగా వేసిన పుస్తకం ‘షింకన్’, పాతది ‘కికన్’. అన్నీ అయిపోతే ‘కంబాయ్’. ఆ మాట చెప్పగానే చుట్టుపక్కల వాళ్లు చప్పట్లు కొట్టడం మామూలే. ఇంకో మాట ఉంది, అది కొంచెం ముఖ్యం. ఇక్కడ పుస్తకం ఇవ్వడాన్ని ‘అమ్మకం’ అనరు, ‘హంపు’ అంటారు, అంటే పంచడం. డబ్బు తీసుకుంటారు, అయినా పేరు మాత్రం పంపిణీ. మాటల గారడీ అని నవ్వేవాళ్లు జపాన్‌లోనూ ఉన్నారు. కానీ లెక్క చూస్తే ఆ మాటలో కొంత న్యాయం ఉంది.

ఒక ఊహ లెక్క వేద్దాం. ఒకావిడ 32 పేజీల పుస్తకం 100 ప్రతులు వేయించింది. ప్రెస్‌కి 40,000 యెన్లు, బల్ల రుసుము, ప్రయాణం కలిపి 15,000 అనుకోండి. ధర 500 పెట్టింది. 80 పోయాయి. చేతికి వచ్చింది 40,000, ఖర్చు 55,000. మూడు నెలల పాటు రాత్రిళ్లు కూర్చుని గీసిన శ్రమ ఈ లెక్కలో లేనే లేదు. కొద్దిమంది ప్రసిద్ధులు వేల ప్రతులు అమ్మి బాగా సంపాదిస్తారు, అది నిజమే. ఎక్కువ మందిది మాత్రం ఈవిడ లెక్కే.

అందరూ పాల్గొనేవాళ్లే

కామికెట్‌లో ‘కస్టమర్’ అనే మాట లేదు. బల్ల వేసినవాళ్లు సర్కిల్ తరఫున పాల్గొనేవాళ్లు, పుస్తకాలు కొనడానికి వచ్చినవాళ్లు సాధారణంగా పాల్గొనేవాళ్లు, వరుసలు చూసుకునేవాళ్లు స్టాఫ్‌గా పాల్గొనేవాళ్లు. ఈ స్టాఫ్ కూడా వేల సంఖ్యలో వచ్చే స్వచ్ఛంద కార్యకర్తలే. డబ్బిచ్చాను కాబట్టి సేవ చెయ్యి అనే ధోరణికి ఇక్కడ చోటు లేదు. సాయ్‌కోబి అట్ట మీ చేతికి రావడం వెనక ఉన్న సూత్రం ఇదే.

ఆదర్శంగా చెబితే బాగానే ఉంటుంది, ఇన్ని లక్షల మందితో అది నడుస్తుందా అన్నది అసలు ప్రశ్న. 700 మందితో మొదలైంది 2019 డిసెంబరు నాటికి నాలుగు రోజుల్లో 7,50,000కి చేరింది. ఇక్కడ ఒక కిటుకుంది. ఈ అంకె రోజువారీ హాజరు మొత్తం. నాలుగు రోజులూ వచ్చిన మనిషి నాలుగు సార్లు లెక్కలోకి వస్తాడు. అంటే రోజుకి సగటున 1,90,000 దాకా. కోవిడ్ వల్ల 2020 మేలో జరగాల్సిన కామికెట్ రద్దయింది. 2021 డిసెంబరులో తిరిగి మొదలైనప్పుడు రెండు రోజులకి 1,10,000 మందినే రానిచ్చారు. 2024 డిసెంబరుకి రెండు రోజుల్లో 3,00,000. పాత మొత్తంతో పోలిస్తే సగం కూడా కాదనిపిస్తుంది, రోజు లెక్కన చూస్తే మాత్రం 1,50,000. రద్దీ తగ్గిందనుకుని తీరిగ్గా వెళ్లేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

టికెట్ల తికమక

2018 దాకా కామికెట్‌లోకి వెళ్లడానికి టికెట్ లేదు. వరుసలో నిలబడితే చాలు. 2019 వేసవిలో చేతికి కట్టుకునే రిస్ట్‌బ్యాండ్ తప్పనిసరి చేశారు. కోవిడ్ తర్వాత రకరకాల టికెట్లు వచ్చాయి. అందరికంటే ముందు లోపలికి పంపేది ఒకటి, ఉదయానిది ఒకటి, మధ్యాహ్నానిది ఒకటి. ముందుగా పంపేది పరిమితం, ధర మిగతావాటి కంటే చాలా ఎక్కువ. మధ్యాహ్నానిది అన్నిటికంటే చవక. గంటలు, ధరలు, ఎక్కడ కొనాలి అన్నవి ఒక్కో విడతకి కొద్దిగా మారుతుంటాయి కాబట్టి నిరుడు వెళ్లొచ్చినవాళ్ల మాట కంటే ఆ విడతకి నిర్వాహకులు ఇచ్చిన ప్రకటన చూడటం మేలు.

డబ్బు ఎక్కువ పెట్టినవాళ్లని ముందు పంపడం ‘అందరూ సమానమే’ అన్న సూత్రానికి విరుద్ధం కాదా? ఈ వాదన అక్కడ గట్టిగానే ఉంది. పాతకాలం వాళ్లు, వరుసలో ఎవరు ముందొస్తే వాళ్లే ముందు, డబ్బుతో పనిలేదు, అదే న్యాయం అంటారు. రెండో వైపు వాళ్లు ఆ పాత న్యాయం తెల్లవారుజామున నాలుగింటికి నిలబడగల ఒంటికే న్యాయం అంటారు. దూరం నుంచి వచ్చేవాళ్లు, ఆరోగ్యం అంతగా బాగాలేనివాళ్లు దాంట్లో ఎప్పుడూ వెనకే. పైగా రోజులు తగ్గాయి, హాళ్ల అద్దె తగ్గలేదు, ఆ డబ్బు ఎక్కడో చోటి నుంచి రావాలి. నా మటుకు రెండో వాదనలోనే బరువు ఎక్కువ కనిపిస్తుంది. మొదటివాళ్లు భయపడేది ఇది ఇక్కడితో ఆగదేమోనని. ఆ భయాన్నీ కొట్టిపారేయలేం.

మరో మార్గం గురించి కూడా వింటుంటారు. ఎంపికైన ప్రతి సర్కిల్‌కీ మూడు ప్రవేశ పాస్‌లు ఇస్తారు, వీటితో తలుపులు తెరవకముందే లోపలికి వెళ్లొచ్చు. ఇవి బల్ల సర్దుకోవడానికి ఇచ్చేవి. వీటిని బయట డబ్బుకి అమ్మడం, కొనడం నిషిద్ధం. తెలిస్తే ఆ సర్కిల్‌కే తర్వాత చోటు దొరకదు.

రాత్రంతా బయట పడిగాపులు పడటం కూడా నిషిద్ధమే. చుట్టూ ఉన్నది మామూలు ఊరు, ఇళ్లు, ఆఫీసులు. అర్ధరాత్రి వేల మంది వీధుల్లో కూర్చుంటే ముందు పోయేది హాలు ఇచ్చినవాళ్ల నమ్మకం. హాలు పోతే ఏమవుతుందో వీళ్లకి బాగా తెలుసు. 1991లో అశ్లీల ముద్రణ మీద పోలీసు కేసులు నడుస్తున్న సమయంలో మకుహరి మెస్సె హాలు చేజారి, కామికెట్ పాత చోటైన హరుమికి తిరిగి రావాల్సి వచ్చింది. బిగ్ సైట్‌కి మారింది 1996లో.

ఒక బల్ల చిరునామా చదవడం

రెండు రోజులూ కలిపి ఇరవై వేలకు పైగా సర్కిళ్లు ఉంటాయి. తిరుగుతూ వెతుక్కుందాం అనుకుంటే దొరకదు. ప్రతి సర్కిల్‌కీ ఒక చిరునామా ఉంటుంది. ఉదాహరణకి ‘మొదటి రోజు, తూర్పు, క-23-బి’ అని ఉందనుకోండి. మొదటి మాట రోజు. ఒక్కో రకం పుస్తకాలకి ఒక్కో రోజు కేటాయిస్తారు, మీకు కావాల్సిన సర్కిల్ ఆ ఒక్క రోజే ఉంటుంది. రోజు తప్పితే అంతా తప్పినట్టే. రెండోది ఏ వైపు హాలు అన్నది: తూర్పు, పడమర, దక్షిణం. తూర్పు నుంచి పడమరకి ఆ జనంలో నడవడం పది నిమిషాల పని అనుకోవద్దు. మూడోది బ్లాకు అక్షరం. జపనీస్ లిపులు, ఇంగ్లీషు అక్షరాలు రెండూ వాడతారు. హిరగన, కతకన లిపులు రెండు రోజులు కూర్చుంటే గుర్తుపట్టడం వస్తుంది, ఆ రెండు రోజులు వృథా పోవు. తర్వాతది బల్ల నంబరు. చివరి అక్షరం, బల్లలో ఏ సగమో చెబుతుంది.

ఆ సగం సంగతి. మడత బల్ల పొడవు 180 సెంటీమీటర్లు, లోతు 45. దాన్ని ఇద్దరు పంచుకుంటారు. ఒక్కొక్కరికి 90 సెంటీమీటర్లు. స్కూల్లో బెంచీ మీద గీత గీసుకుని ‘ఇటు రాకు’ అనుకున్నట్టే. ఆ జాగాలోనే గుడ్డ పరిచి, పుస్తకాల దొంతర, ధర రాసిన చిన్న అట్ట, చిల్లర డబ్బా, ‘మిహొన్’ అని రాసిన నమూనా ప్రతి ఒకటి. ఆ నమూనా తీసి చూడొచ్చు. ‘మితెమో ఈ దెస్‌కా’, చూడొచ్చా అని ఒక మాట అడిగితే మర్యాద. తిప్పి చూసి నచ్చకపోతే రెండు చేతులతో తిరిగి పెట్టి, తల కొంచెం వంచి వచ్చేయొచ్చు. ఎవరూ ఏమీ అనుకోరు. నచ్చితే ‘షింకన్ ఇచిబు కుదసాయ్’, కొత్తది ఒకటి ఇవ్వండి అంటే సరిపోతుంది.

హాలు మధ్యలో బల్లలు దీర్ఘ చతురస్రాల్లా కలిపి వేస్తారు. వాటిని ‘దీవులు’ అంటారు. దీవి కొసన ఉండేది ‘పుట్టినరోజు సీటు’. పార్టీలో బల్ల కొసన పుట్టినరోజు పిల్లని కూర్చోబెడతారు కదా, అందుకా పేరు. గోడ వెంబడి వేసే బల్లలు ‘గోడ సర్కిళ్లు’. ఇది గౌరవం కోసం ఇచ్చే చోటు కాదు, ఇంజినీరింగు. బాగా పేరున్నవాళ్ల ముందు వరుస పెద్దదవుతుంది. దాన్ని గోడ వారగా, షట్టర్ తీసి ఆరుబయటికి మళ్లించొచ్చు. అదే దీవి మధ్యలో వేస్తే దారంతా మూసుకుపోతుంది. కాబట్టి మీ జాబితాలో గోడ సర్కిళ్లు ఎన్ని, దీవులు ఎన్ని అన్నది చూస్తే ఆ రోజు ఎలా గడుస్తుందో ముందే తెలిసిపోతుంది.

వరుస లెక్క

ఒక గోడ సర్కిల్ ముందు 300 మంది ఉన్నారు. ఇద్దరు పుస్తకాలిస్తున్నారు. ఒక్కొక్కరికి 20 సెకన్లు పడుతుందనుకుందాం. 300ను 20తో గుణించి రెండుతో భాగిస్తే 3,000 సెకన్లు, అంటే 50 నిమిషాలు. ఇప్పుడు అందరూ బల్ల దగ్గరికి వచ్చాకే బ్యాగు తీసి, పర్సు వెతికి, ‘ఎంత?’ అని అడిగారనుకోండి, మనిషికి 40 సెకన్లు. అదే వరుస గంటా నలభై నిమిషాలు. సర్కిళ్లు ఉండేది ఉదయం పదిన్నర నుంచి సాయంత్రం నాలుగు దాకా, ఐదున్నర గంటలు. మీ తడబాటు ఇరవై సెకన్లే, కానీ దాన్ని మోసేది వెనకున్న మూడు వందల మంది. ధరల పట్టిక వరుస మధ్యలోనే ముందుకీ వెనక్కీ చేతులు మారుతూ వస్తుంది. అక్కడే ఏం కావాలో తేల్చుకుని డబ్బు గుప్పిట్లో పెట్టుకోవడం అందుకే.

వరుస పెద్దదైతే మధ్యలో తెంపి, దారి వదిలి, రెండో ముక్కని వేరే చోట నిలబెడతారు. అప్పుడు మొదటి ముక్క చివర ఉన్న మనిషి దగ్గర ఉండే అట్ట వేరు. ‘ఇది చివర కాదు, అసలు చివర ఫలానా చోట’ అని. రెండు అట్టలూ దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి. కొత్తవాళ్లు పావుగంట తప్పు చోట నిలబడి, స్టాఫ్ వచ్చి చెప్పాక నాలుక్కరుచుకునేది ఇక్కడే.

ఇక జాబితా. గోడ సర్కిళ్లు ఐదు రాసుకుని ఒక్కోదానికి గంట వేసుకుంటే రోజు అయిపోయింది. దీవులు చూడటానికి టైము లేదు. పేరున్నవాళ్ల పుస్తకాలు తర్వాత తొరానోఅనా, మెలన్‌బుక్స్ లాంటి దోజిన్ దుకాణాల్లో, ఆన్‌లైన్లో దొరికే అవకాశం ఎక్కువ. దీవి మధ్యలో కూర్చుని ముప్పై ప్రతులు తెచ్చిన మనిషి పుస్తకం మళ్లీ కనిపించకపోవచ్చు. నేనైతే గోడవి ఒకటో రెండో పెట్టుకుని మిగతా సమయం దీవులకి వదిలేయడమే తెలివి అంటాను. వేల మైళ్లు వెళ్లి షాపులో దొరికేదాని కోసం నిలబడటమేమిటి అని. ఆ రచయిత చేతి నుంచే అందుకోవాలన్న కోరిక ఉన్నవాళ్లు ఒప్పుకోరు, అది వేరే విషయం.

పదివేల నోటు, ఐదు వందల నాణెం

ధరలు ఎక్కువగా 500, 1,000 యెన్ల చుట్టూ తిరుగుతాయి. ఎందుకంటే చిల్లర లెక్క తేలిక. జపాన్‌లో ఏటీఎం నుంచి వచ్చేది సాధారణంగా 10,000 నోటు. ఒక సర్కిల్ 500 ధర పెట్టి 50 ప్రతులు తెచ్చుకుంది. అన్నీ అమ్ముడైతే వచ్చేది 25,000. పొద్దున్నే వచ్చిన మొదటి పది మందీ పదివేల నోట్లే ఇచ్చారనుకోండి. ఒక్కొక్కరికి 9,500 తిరిగి ఇవ్వాలి, పది మందికి 95,000. ఆ మనిషి రోజు మొత్తం సంపాదించబోయే దానికి దాదాపు నాలుగు రెట్ల చిల్లర పొద్దున్నే ఎక్కడి నుంచి తెస్తుంది? అందుకే వెయ్యి నోట్లు, 500, 100 నాణేలు ముందు రోజే మార్చుకోవడం ఇక్కడ మర్యాద కింద లెక్క. కొన్ని బల్లల మీద ఈమధ్య క్యూఆర్ కోడ్లు కనిపిస్తున్నా, మనకి ఫోన్‌పే అలవాటైనంతగా అక్కడ నమ్ముకోలేం. అంత జనంలో సిగ్నల్ అందడమే కష్టం.

ఎండ, చలి, రైలు

ఆగస్టులో టోక్యో ఎండ మన విజయవాడ వాళ్లని భయపెట్టదు, ఉక్కపోత మాత్రం భయపెడుతుంది. 2013 వేసవిలో హాలు కప్పు కింద చెమట ఆవిరి మబ్బులా పట్టింది. దానికి ‘కామికెట్ మేఘం’ అని పేరే వచ్చింది. నీడ లేని కాంక్రీటు మీద రెండు మూడు గంటలు నిలబడాలి కాబట్టి వడదెబ్బ ఇక్కడ నిజమైన ప్రమాదం. నీళ్లతో పాటు ఉప్పు కలిసినది ఏదైనా తీసుకోమంటారు. డిసెంబరులో సముద్రపు గాలి వస్తుంది, అది ఇంకో కథ.

రెండు రైలు దారులున్నాయి. రింకాయ్ లైనులో కొకుసాయ్-తెంజిజో స్టేషను, యురికమోమె లైనులో తోక్యో బిగ్ సైట్ స్టేషను. వచ్చేటప్పుడే సుయికా లాంటి రైలు కార్డులో తిరుగు ప్రయాణానికి కూడా సరిపడా వేసుకుంటే సాయంత్రం మిషను ముందు ఇంకో వరుస తప్పుతుంది. రైలు దిగి పరుగెత్తడం నిషిద్ధం. ‘పరుగెత్తకండి’ అని స్టాఫ్ అరుస్తూనే ఉంటారు. వేల మంది ఒకే దిక్కుకి వెళ్తున్నప్పుడు ఒకడు తూలిపడితే ఏమవుతుందో పుష్కరాల్లో తొక్కిసలాట చూసిన మనకి వేరే చెప్పక్కర్లేదు.

వేషాలు వేసుకునేవాళ్లు ఇంటి నుంచి ఆ వేషంతో రాకూడదు. రుసుము కట్టి అక్కడి గదుల్లోనే మార్చుకోవాలి, ఫొటోలు కేటాయించిన చోట్లలోనే, అడిగి మాత్రమే తీసుకోవాలి. బల్లల దగ్గర కూడా అంతే. ఆఫీసులో, బంధువుల్లో తెలియకుండా గీసుకునేవాళ్లు చాలామంది. మీ రీల్‌లో వాళ్ల ముఖం కనిపిస్తే వాళ్లకి ఇబ్బంది.

ఇంతకీ ఇది చట్టబద్ధమేనా?

అందరూ అడిగేదీ, జవాబు సూటిగా లేనిదీ ఇదొక్కటే. సొంత కథలకి ఏ సమస్యా లేదు. వేరొకరి పాత్రలతో గీసినవాటి సంగతే ప్రశ్న. జపాన్ కాపీరైట్ చట్టంలో అమెరికా తరహా ‘న్యాయమైన వాడకం’ అనే విశాలమైన మినహాయింపు లేదు. అక్షరం పట్టుకుని చూస్తే చాలా దోజిన్‌షి హక్కుల ఉల్లంఘన కిందికే వస్తుంది.

మరి యాభై ఏళ్లుగా ఎలా నడుస్తోంది? ఒక కీలకమైన ఏర్పాటు వల్ల. అక్కడ ఇలాంటి ఉల్లంఘన ‘షింకొకుజాయ్’, అంటే హక్కుదారు స్వయంగా ఫిర్యాదు చేస్తేనే శిక్షించగల నేరం. హక్కుదారు చూసీ చూడనట్టు ఊరుకుంటే ప్రభుత్వం తనంతట తాను కేసు నడపదు. మన దగ్గర దీనికి భిన్నం. కాపీరైట్ చట్టంలోని 63వ సెక్షన్ కింద నేరాల్లో పోలీసులు నేరుగా రంగంలోకి దిగొచ్చని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. 2018 డిసెంబరు 30 నుంచి జపాన్ కూడా ఒక వాణిజ్య ఒప్పందం కారణంగా కొన్ని ఉల్లంఘనలకి ఫిర్యాదు అక్కర్లేదని చట్టం మార్చింది. అభిమానులు బెంబేలెత్తారు. కానీ ఆ మార్పు లాభం కోసం, అమ్మకంలో ఉన్న పుస్తకాన్ని ఉన్నదున్నట్టు నకలు కొట్టి, హక్కుదారు ఆదాయాన్ని దెబ్బకొట్టేవాళ్లకే వర్తిస్తుంది. పాత్రలు తీసుకుని కొత్త కథ గీస్తే ఆ గీత దాటినట్టు కాదు.

గీత ఎక్కడుందో తెలియాలంటే రెండు కేసులు చూడాలి. 1999లో పోకెమాన్ పాత్రలతో పెద్దల బొమ్మలు వేసిన ఒకావిణ్ణి హక్కుదారు ఫిర్యాదుతో అరెస్టు చేశారు, జరిమానా పడింది. రెండోది డోరేమాన్‌కి ‘ఆఖరి కథ’ ఊహించి ఒకరు గీసిన పుస్తకం. అందులో అశ్లీలం ఏమీ లేదు, చదివినవాళ్లు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. చిక్కు వేరే చోట వచ్చింది. బొమ్మల తీరు అచ్చం అసలు పుస్తకంలాగే ఉంది, వేల ప్రతులు అమ్ముడుపోయాయి, చాలామంది అదే నిజమైన ముగింపు అనుకున్నారు. 2007లో రచయిత క్షమాపణ చెప్పి, వచ్చినదాంట్లో కొంత హక్కుదారులకి కట్టాల్సి వచ్చింది. అంటే ఊరుకోవడానికీ ఊరుకోకపోవడానికీ మధ్య తేడా రెండు మూడు సంగతుల్లో ఉంది: అసలు దానితో పొరబడేలా ఉందా, ఎన్ని అమ్ముడయ్యాయి, పాత్రల పేరు చెడుతుందా.

ఈ బూడిద రంగు బాగుందా, తెలుపో నలుపో తేల్చాలా? సమర్థించేవాళ్లు వృత్తి మాంగాకారుల్లో ఎందరో ఈ బల్లల వెనక నుంచే వచ్చారని గుర్తుచేస్తారు. క్లాంప్ అనే పేరున్న మాంగా బృందం అలా మొదలైందే. అభిమానుల పుస్తకాలు అసలు పుస్తకానికి ఉచిత ప్రచారం కూడా. వ్యతిరేకించేవాళ్లు, హక్కుదారు మౌనం అనుమతి కాదనీ, ఒకరిద్దరు లక్షలు గడిస్తుంటే ‘పంచడం’ అనే మాట ముసుగు అవుతుందనీ అంటారు. మధ్యేమార్గాలూ వచ్చాయి. తొహో ప్రాజెక్ట్ గేముల సృష్టికర్త అభిమానులు ఏం చేయొచ్చో ముందే నియమాలు రాసిపెట్టాడు, కామికెట్‌లో అదొక పెద్ద విభాగమే అయింది. 2013లో మాంగాకారుడు అకమాత్సు కెన్ చొరవతో, రచయిత తన పుస్తకం మీద వేసుకోగల ‘దోజిన్ గుర్తు’ ఒకటి వచ్చింది. విచిత్రంగా, అన్నీ రాతపూర్వకంగా తేల్చడాన్ని కొందరు గీసేవాళ్లే ఇష్టపడరు. అడిగితే కాదనాల్సి వస్తుంది, అడక్కపోతే ఊరుకుంటారు కదా అని వాళ్ల లెక్క. మన ఇళ్లల్లో పిల్లలకీ ఈ లెక్క బాగా తెలుసు.

పెద్దల పుస్తకాల విషయంలో మాత్రం సందేహానికి తావు లేదు. అక్కడ పద్దెనిమిదేళ్లు నిండినట్టు చూపమంటే చూపాలి, పాస్‌పోర్టు దగ్గరుండాలి. జపాన్ శిక్షాస్మృతిలో అశ్లీల ముద్రణ మీద నిషేధం ఉంది కాబట్టి ప్రతి కొత్త పుస్తకం నమూనా ఒకటి నిర్వాహకులకి ఇవ్వాలి. వాళ్లు తిప్పి చూస్తారు. అక్కడ చట్టబద్ధంగా కొన్నదైనా ఇక్కడికి తెచ్చేటప్పుడు లెక్క వేరు. అశ్లీల పుస్తకాలు, బొమ్మలు దేశంలోకి తీసుకురావడం మన కస్టమ్స్ నిబంధనల్లో నిషిద్ధం. ‘ఇది కార్టూనే కదా సార్’ అంటే శంషాబాద్‌లో పని జరగదు.

సాయంత్రం నాలుగు

నాలుగు కాగానే మైకులో ముగింపు ప్రకటన వస్తుంది. హాలంతా చప్పట్లు కొడుతుంది. పొద్దున తలుపులు తెరిచినప్పుడు కొట్టినట్టే. ఆ వెంటనే గుడ్డలు మడిచి, మిగిలిన పుస్తకాలు పెట్టెలో సర్ది, కుర్చీలు మడవడం మొదలవుతుంది. కొనడానికి వచ్చినవాళ్లు కూడా కొందరు ఆగి బల్లలు మోస్తారు. అదే హాల్లో, అదే రోజు, తర్వాతి కామికెట్‌లో బల్ల కోసం పెట్టుకునే దరఖాస్తు కవర్లు కూడా అమ్ముతారు. పుస్తకాల సంచీతో బయటికి వచ్చేవాళ్లలో ఎవరో ఒకరు అక్కడ ఆగి, నాణేలు లెక్కపెట్టి, ఒక కవరు కొనుక్కుంటారు.